తన వేషం తానే కట్టిన కీర్తిసేనుడు

కాంస్యపురి ఉత్తరద్వారం అంబారీతో సహా ఏనుగు దూరిపోయేంత ఎత్తు. దానికి రెండు పక్కలా కంచుతో పోతపోసిన సింహాలు, సింహాల నోళ్ళలో కెంపుల నాలుకలు, పై తోరణానికి వరుసలు వరుసలుగా గంటలు. ఏటి మీది నుంచి గాలి వీచినప్పుడల్లా ఆ గంటలన్నీ ఒకేసారి మోగి, ఊళ్ళోకి వచ్చేవాడికి తనకోసమే మేళం పెట్టారేమో అనిపించేది. ఈమధ్య మాత్రం ఆ మోత ఎవరికీ వినబడడం లేదు. తోరణం నడుమ కొత్తగా వెలిసిన ఇత్తడి గుడ్లగూబ కూత కింద అది అణిగిపోయింది.

ఆ గుడ్లగూబ మాంత్రికుడు జంభాలుడి సృష్టి. దాని ముందు నిలబడి ఎవడైనా అబద్ధమాడితే చాలు, పుష్యరాగపు కళ్ళు గిర్రున తిప్పి ఘూ అని ఊరదిరేలా కూస్తుంది. నిజం చెప్పినవాడి జోలికి పోదు. దేశం నుంచి వెళ్ళగొట్టిన కీర్తిసేనుడు ఏ రూపంలో తిరిగివచ్చినా పట్టుకోవడానికే మహామాత్యుడు భద్రముఖుడు దాన్ని అక్కడ పెట్టించాడు. బైరాగిగా వచ్చినా, బేహారిగా వచ్చినా, ద్వారం దగ్గర తానెవరో చెప్పక తప్పదు; చెబితే గుడ్లగూబ కూయకా తప్పదు. ఉపాయం బ్రహ్మాండంగానే ఉంది. కాకపోతే పెట్టించినవాళ్ళు పండగలు ఎప్పుడొస్తాయో చూసుకోలేదు.

మర్నాడు ఎన్నిక. కాంస్యపురి గణరాజ్యం కనుక అక్కడ గణాధిపతిని ప్రజలే ఎన్నుకుంటారు. నిలబడినవాళ్ళ ముఖాలను పొణికి కర్రతో చెక్కించి గోడకు తగిలిస్తారు. ఒక్కొక్క ముఖం కింద ఒక్కొక్క కుండ. జనం తమకు నచ్చినవాడి కుండలో తలా ఒక చింతగింజ వేస్తారు. అయితే ఆ ముఖం గోడ ఎక్కాలంటే ముందురోజు వెక్కిరింపుల పండగ దాటాలి. ఒక ఆటగాడు ఆ ముఖం తగిలించుకుని, నడివీధి అరుగు మీద దాని సొంతదారుణ్ణి నలుగురిలో ఉతికి ఆరేస్తాడు. సొంతదారుడు అంతా నోరెత్తకుండా విని, ఆటగాడి చేతిలోంచి ఆ ముఖం అందుకుని, "ఇది నా ముఖమే" అనాలి. అన్నాడా, ఇక ఎన్నిక ముగిసేదాకా వాడి మీద చెయ్యి వేసే హక్కు ఎవరికీ లేదు. వెక్కిరింత భరించలేనివాడు పెత్తనం ఏం భరిస్తాడని ఆ ఊరి పూర్వీకుల ఆలోచన.

ఆటగాళ్ళకూ ఒక కట్టుబాటు ఉంది. ముఖం తగిలించుకున్నాక ఆట ముగిసేదాకా తియ్యకూడదు, సొంత పేరు పలకకూడదు. ఎవరు అడిగినా వేషం పేరే చెప్పాలి.

అందువల్ల ఆ రోజు పొద్దుటినుంచి ద్వారపాలకుల నాయకుడు బండెన్న చెవుల్లో దూది కుక్కుకుని కూర్చున్నాడు. దేశం విడిచి పోయినవాణ్ణి చూసి జనం నవ్వుకుంటే తనకు మంచిదే కదా అని భద్రముఖుడు కీర్తిసేనుడి వేషాలకు ఎడాపెడా అనుమతులు ఇచ్చేశాడు. వచ్చిన ప్రతి మేళంలోనూ ఒక కీర్తిసేనుడు. నువ్వెవరంటే కీర్తిసేనుణ్ణి అంటాడు, గుడ్లగూబ ఘూ అంటుంది. వెనకాల ఇంకో కీర్తిసేనుడు. మళ్ళీ ఘూ. పొట్టి కీర్తిసేనుడు, బొజ్జ కీర్తిసేనుడు, మెల్లకన్ను కీర్తిసేనుడు వరసగా లోపలికి వెళ్ళిపోయారు. బండెన్న తలనొప్పి మాత్రం ద్వారం దగ్గరే ఉండిపోయింది.

ఆ వరసలో చిట్టచివర, పైడమ్మ మేళంలో నిలబడ్డ కీర్తిసేనుడు అసలు కీర్తిసేనుడే.

ఒకప్పుడు అతను ఈ ఊరి గణాధిపతి. ఊరి ఖజానాలోని కంచు శంఖం దొంగిలించాడని భద్రముఖుడు నింద మోపి దేశం దాటించాడు. తిరిగి అడుగుపెడితే ఏనుగు కాలికింద తొక్కిస్తామని చాటింపు వేయించాడు. కీర్తిసేనుడు తుషారగిరిలో మేకపాలు తాగుతూ, తన మంచితనాన్ని తనే తలుచుకుంటూ కాలక్షేపం చేస్తుండగా కబురొచ్చింది. ఈసారి భద్రముఖుడికి ఎదురు నిలబడే మొనగాడు లేడట. ఎదురులేకుండా గెలిచినవాడు ఎన్నికనే రద్దుచేసి వంశపారంపర్యంగా రాజై కూర్చోవచ్చునని పాత శాసనం ఒకటి ఉంది. సూర్యాస్తమయంలోగా ఇంకొకడు తన ముఖం అందుకోకపోతే, కుండలన్నీ పగలగొట్టి భద్రముఖుడు కిరీటం పెట్టేసుకుంటాడు. ఇక కాంస్యపురిలో చింతగింజకు పులుసుతో తప్ప పని ఉండదు. కీర్తిసేనుడు ఆ రోజే కొండ దిగాడు.

సరిహద్దు సత్రంలో పైడమ్మ తగిలింది. తల నెరిసిన మనిషి, నోరు మాత్రం నెరవలేదు. ఆమె మేళంలో కీర్తిసేనుడి వేషం కట్టేవాడు ఎవరితోనో లేచిపోయాడు. ఆమె అందిన మగవాణ్ణల్లా నడిపించి చూస్తోంది. ఇంతకంటే మంచి ముసుగు ఎక్కడ దొరుకుతుందని కీర్తిసేనుడు ముందుకొచ్చి, ఎంతో ధీమాగా ఇటునుంచి అటు నడిచి చూపించాడు.

"ఆ నడకేంటయ్యా, కాలిరిగిన కొంగలాగ?" అంది పైడమ్మ. "కీర్తిసేనుడు నడిస్తే ముందు రొమ్మొచ్చేది, ఆ తరవాత మనిషొచ్చేవోడు. నువ్వసలు ఆయన్నెప్పుడైనా చూశావా?"

దూరం నుంచి చూశానని కీర్తిసేనుడు నసిగాడు. వేరే గతిలేక ఆమె అతన్నే ఒప్పుకుని, దారి పొడుగునా నేర్పుకుంటూ వచ్చింది. నోరు తెరిచే ముందు మీసం దువ్వాలట. పలకరించినా, దాహమడిగినా "ప్రియమైన పౌరులారా" అనే మొదలుపెట్టాలట. ఎదుటివాడు కష్టం చెప్పుకుంటుంటే మబ్బుల్లోకి చూసి తల ఊపాలట. తానెన్నడూ అలా చేసిన పాపాన పోలేదని అతని గట్టి నమ్మకం. మూడోనాడు బండివాడిని దారి అడగబోయి, చెయ్యి దానంతటది మీసం మీదికి పోవడం చూసుకుని ఉలిక్కిపడ్డాడు. ఆ పూట అన్నం సయించలేదు.

ఇప్పుడు తన ముఖం మీద తన ముఖమే తగిలించుకుని అతను గుడ్లగూబ కిందికి వచ్చాడు. బండెన్న విసుగ్గా దూది తీసి, నువ్వెవరివని అడిగాడు.

"దేశం నుంచి వెళ్ళగొట్టబడిన కీర్తిసేనుణ్ణి. భద్రముఖుడి చేతిలోంచి రాజ్యం విడిపించడానికి వచ్చాను."

బండెన్న రెండు చెవులూ మూసుకుని కూతకోసం కాచుకున్నాడు. కూత రాలేదు. భటులు మొహమొహాలు చూసుకున్నారు. గాలి వీచి తోరణం గంటలు చక్కగా మోగాయి; ఎన్నాళ్ళకో విన్నాం అనుకున్నారంతా. బండెన్న నిచ్చెన తెప్పించుకుని పైకెక్కి, బల్లెం మడమతో గుడ్లగూబ నెత్తిమీద ఠంగున ఒకటి వేశాడు.

"గొంతు పోయిందిరా దీనికి," అన్నాడు కిందికి చూస్తూ. "పోదా మరి? పొద్దున్నుంచి ఎంతమంది కీర్తిసేనులొచ్చారని. మీరెళ్ళండి, ఎళ్ళండి."

మేళం లోపలికి నడిచింది. పైడమ్మ ఒకసారి గుడ్లగూబ వైపు, ఒకసారి తన వేషగాడి వీపు వైపు చూసింది.

ఊరు మారిపోయింది. రంగురంగుల అద్దాల మేడలు అలాగే ఉన్నాయి, వాటి కింద జనం చిక్కిపోయి ఉన్నారు. పొయ్యి పొగ మీద భద్రముఖుడు పన్ను వేశాడు కనుక ఆడవాళ్ళు పొగ కనబడకుండా బుట్టలు బోర్లించి వంట చేసుకుంటున్నారు. ఊరంతా దగ్గుతోంది. కీర్తిసేనుడికి గుండె కలుక్కుమంది. ఆగి నాలుగు మాటలు చెప్పాలనిపించింది. ఈలోగా ఒక కుమ్మరి అతన్ని ఎగాదిగా చూసి, ఈ వేషం ఏం బాగాలేదని, ఇందాక పోయిన మెల్లకన్ను కీర్తిసేనుడే అచ్చం ఆయనలా ఉన్నాడని తీర్పు చెప్పి పోయాడు.

నడివీధి అరుగు ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. ఎత్తుగా కట్టిన పట్టు పందిరిలో భద్రముఖుడు కూర్చుని ఉన్నాడు. నున్నటి ముఖం, తేనె పూసినట్టుండే మాట. అతని వెక్కిరింత పొద్దున్నే పూర్తయింది. సొంత విదూషకుణ్ణి పెట్టుకుని, తాను మితిమీరి దానం చేస్తాడని, అతిగా జాలిపడతాడని తిట్టించుకుని, చిరునవ్వులు చిందే పొణికి ముఖం అందుకుని "ఇది నా ముఖమే" అనేశాడు. ఆ ముఖం అప్పుడే గోడకెక్కి, తన కుండను చూసి తనే మురిసిపోతోంది.

కీర్తిసేనుడి పన్నాగం తేలికైనదే. అరుగు మీద అంతమంది కీర్తిసేనులు ఉంటారు కదా, వాళ్ళలో ఒకణ్ణి ఆట ముగియగానే చెవిలో బతిమాలి, వాడి చేతిమీదుగా ముఖం అందుకోవడం. ముఖం మరొకరు ఇస్తేనే చెల్లుతుంది; తన వేషం తానే కట్టి తన చేతికి తానే ఇచ్చుకుంటే చెల్లదు. సూర్యుడు ఇంకా మేడల పైనే ఉన్నాడు. మెల్లకన్ను కీర్తిసేనుడు నెమ్మదస్తుడిలా కనిపించాడు. అతని పక్కకు జరుగుతుండగా వీధి చివర కలకలం పుట్టింది.

జనాన్ని చీల్చుకుంటూ వస్తున్నవాడు జంభాలుడు. కాటుక కొండ గుహల్లోంచి ఎప్పుడూ పగటిపూట బయటికి రానివాడు, ఎండకు కళ్ళు చికిలిస్తూ, పాముతోలు ఉత్తరీయం ఎగరేసుకుంటూ వస్తున్నాడు. అతని వెనక ఇత్తడి గుడ్లగూబను కావడికి వేలాడదీసి భటులు మోసుకొస్తున్నారు. ఆ వెనక బండెన్న తల వంచుకుని నడుస్తున్నాడు. గుడ్లగూబ గొంతు బాగుచేయించమని అడగడానికి పాపం అతనే వెళ్ళాడు. ఎవడికి కూయలేదో విన్న జంభాలుడు అతని మీద అరవను కూడా అరవలేదట, నవ్వాడట.

గుడ్లగూబను అరుగు అంచున దించారు. జంభాలుడు కీర్తిసేనులందరినీ వరసగా నిలబెట్టి ఒక్కొక్కణ్ణే అడగసాగాడు. పొట్టివాడు కీర్తిసేనుణ్ణన్నాడు, ఘూ. బొజ్జవాడు అన్నాడు; ఘూ. కూసిన ప్రతివాణ్ణీ మెడపట్టి కిందికి తోసేస్తున్నారు. భటుల కత్తులు చూసి ఆటగాళ్ళు ముఖాలు అక్కడే పారేసి పరుగు లంకించుకుంటున్నారు. జంభాలుడు ఆ ముఖాలను కాలితో మట్టగించి ముక్కలు చేస్తున్నాడు. మెల్లకన్నువాడు కూడా వెళ్ళిపోయాడు. అరుగు మీద ఒక్క కీర్తిసేనుడు మిగిలాడు. కాస్త వెనగ్గా పైడమ్మ.

సూర్యుడు మేడల అంచు తాకాడు.

ఇప్పుడు నిజం చెబితే గుడ్లగూబ కూయదు, భటులు పట్టుకుంటారు, ఏనుగు సిద్ధంగానే ఉంది. నేనొక బీద ఆటగాణ్ణని బొంకితే గుడ్లగూబ కూస్తుంది, అందరిలాగే మెడపట్టి తోసేస్తారు, ప్రాణం దక్కుతుంది. ప్రాణంతోపాటు మేకపాలూ దక్కుతాయి. కాంస్యపురికి మాత్రం ఇక ఎన్నిక ఉండదు. కీర్తిసేనుడికి భయం వేసింది. ఇలాంటప్పుడు చెప్పడానికి అతని దగ్గర ఎప్పుడూ ఏదో ఒక ఉపన్యాసం ఉండేది. ఇప్పుడు ఒక్కటీ గుర్తు రాలేదు.

"నువ్వెవరు?" అన్నాడు జంభాలుడు తియ్యగా.

"ఆగండి సాములూ," అంటూ పైడమ్మ ముందుకొచ్చింది. "ముఖం నా మేళానిది. ఈయనకి ఆట రాదు. నేనే ఆడతాను."

ఎవరూ కళ్ళు మూసి తెరిచేలోగా ఆమె అతని తల వెనక ముడి లాగి, ముఖం ఊడదీసి, తన మొహానికి కట్టేసుకుంది. కర్ర ముఖం కిందనుంచి అదే ముఖం, గడ్డం మాసి, చెమట కారుతూ బయటపడింది. పట్టు పందిరిలో భద్రముఖుడు లేచి నిలబడ్డాడు. పట్టుకోమని జంభాలుడు అరిచేసరికి భటులు ముందుకు దూకారు. వాళ్ళకు అడ్డంగా బండెన్న బల్లెం చాచాడు.

"అరుగెక్కి ముఖం కడితే ఆట మొదలైనట్టే," అన్నాడు బండెన్న. "ఆట మజ్జెలో అరుగెక్కితే మా తాతల ఆన. పూర్తవనీండి, తరవాత మీ ఇష్టం."

పైడమ్మ ఆట మొదలుపెట్టింది. రొమ్ము ముందుకు తోసి అరుగంతా ఒక చుట్టు తిరిగింది. మీసం దువ్వింది. దాహంతో ఉన్న కుక్కను "ప్రియమైన పౌరురాలా" అని సంబోధించింది. భయపడుతూనే జనం నవ్వడం మొదలుపెట్టారు. తరువాత ఆమె ఒక బల్ల ఎక్కింది, గొంతు మార్చింది. ఏరు పొంగి సాలెవీధి మునిగిన రోజది. కీర్తిసేనుడు మిద్దె మీద నిలబడి పూర్వీకుల ధైర్యం గురించి ఉపన్యసిస్తున్నాడు. ఇళ్ళ కప్పులెక్కిన జనం వినక చేసేదేం లేదు, ఎందుకంటే పడవలవాళ్ళు కూడా తెడ్లు ఆపి చప్పట్లు కొడుతున్నారు. ఒక సాలెముండ కప్పు మీద నుంచి, బాబూ నా మగ్గం పోతోంది అని అరిచింది. కీర్తిసేనుడు మబ్బుల్లోకి చూసి తల ఊపాడు. మగ్గం కొట్టుకుపోయింది. ఉపన్యాసం మాత్రం ఎంతో బాగుంది.

ఎవరూ నవ్వలేదు. పైడమ్మ చేతులు కనబడని మగ్గం నేస్తున్నట్టు అటూ ఇటూ ఆడాయి. అది ఎవరి మగ్గమో, తల నెరిసిన వయసులో ఆమె ఎందుకు ముఖాలు కట్టుకుని ఊళ్ళు తిరుగుతోందో కీర్తిసేనుడికి అప్పుడు అర్థమైంది. ఆ రోజు అతనికి గుర్తుంది. చప్పట్లే గుర్తున్నాయి.

ఆమె ముఖం విప్పి రెండు చేతులతో చాచింది. "ద్వారం కాడే పోల్చుకున్నాను," అంది అతనికి మాత్రమే వినబడేలా. "తీసుకుంటావా, వద్దా?"

కీర్తిసేనుడు అందుకున్నాడు. మీసం దువ్వలేదు, పౌరులను పిలవలేదు.

"ఇది నా ముఖమే," అన్నాడు.

ఊరంతా గుడ్లగూబ వైపు చూసింది. పుష్యరాగపు కళ్ళు కదలలేదు. ఎక్కడో దూరంగా ఉత్తరద్వారం గంటలు మోగడం స్పష్టంగా వినబడింది. ఆ వెంటనే సూర్యుడు మేడల వెనక్కి జారాడు.

జనం కేకలతో వీధి హోరెత్తింది. ఎన్నిక ముగిసేదాకా ఇక ఎవరూ అతన్ని ముట్టుకోకూడదని బండెన్న భటులను వెనక్కి తోశాడు. భద్రముఖుడు తేరుకుని, చేతులు జోడించి, పాత మిత్రుణ్ణి చూసి తనకెంత ఆనందంగా ఉందో చెప్పబోయాడు. పైడమ్మ అతనికంటే వినయంగా చేతులు జోడించింది.

"పొద్దున ఏలినవారు ముఖం అందుకున్నప్పుడు ఈ పిట్ట ద్వారం కాడుంది," అంది. "ఇప్పుడిక్కడే ఉంది కదా. ఆ మాట ఇంకొక్కసారంటే మేమూ విని సంతోషిస్తాం."

కాదంటే నవ్వులపాలు. భద్రముఖుడు గోడ మీది చిరునవ్వు ముఖాన్ని చూపించి, గొంతు సవరించుకుని, ఇది నా ముఖమే అన్నాడు. గుడ్లగూబ కూసిన కూతకు పందిరి పట్టు చిరిగింది, పావురాలు లేచిపోయాయి, అతని కుండ పగుళ్ళిచ్చింది. పొయ్యి పొగకు ఇన్నాళ్ళూ దగ్గిన ఊరు కడుపు పట్టుకుని నవ్వింది. బండెన్న ఇంకా గొంతు బాగానే ఉందే అని ఆశ్చర్యపోయాడు.

నవ్వనివాడు జంభాలుడొక్కడే. మనిషిని ముట్టుకోవద్దన్నారు గాని ముఖాన్ని ముట్టుకోవద్దనలేదు కదా అని గొణిగి, చిటికెడు నల్లటి బూడిద గుడ్లగూబ మీద చల్లాడు. ఇత్తడి రెక్కలు కిర్రుమని విచ్చుకున్నాయి. ఒక్కొక్క రెక్క కోటతలుపంత పెరిగింది. అది ఒక్క దూకుతో కీర్తిసేనుడి చేతిలోని ముఖాన్ని ముక్కున కరుచుకుని గాలిలోకి లేచింది. ముఖం లేకపోతే గోడ మీద చోటు లేదు, చోటు లేకపోతే కుండ లేదు, తెల్లవారితే ఎన్నిక. కాటుక కొండ గుహల్లో జంభాలుడు దాచిన వస్తువు తిరిగి వచ్చిన దాఖలా ఇంతవరకు లేదు.

కీర్తిసేనుడు ఆలోచించలేదు. ఎగిరి దాని కాలు పట్టుకున్నాడు. అరుగు కిందికి జారిపోయింది. మేడలు కిందికి జారిపోయాయి. రంగు రంగుల అద్దాలలో సంధ్య వెలుగు, బోర్లించిన బుట్టల సందుల్లోంచి తొలిసారి ధైర్యంగా లేస్తున్న పొగ, వేలాది తలలు, అన్నీ తనవైపే ఎత్తి ఉన్నాయి. ఇంత ఎత్తు వేదిక, ఇంత పెద్ద సభ అతనికి జన్మలో దొరకలేదు. ఒక చెయ్యి దానంతటది కాలు వదిలి మీసం మీదికి పోయింది.

"ప్రియమైన పౌరులారా," అని మొదలుపెట్టాడు.

"చాల్లే," అని కిందనుంచి పైడమ్మ గొంతు ఖంగున వినిపించింది. "నోరు మూసుకుని రెండు చేతులా పట్టుకో. ఈసారి మా ముఖం కూడా నీ చేతుల్లోనే ఉంది."

కీర్తిసేనుడు నోరు మూసుకున్నాడు. రెండో చెయ్యి కూడా ఇత్తడి కాలికి బిగించి, కాటుక కొండ వైపు ఎగిరిపోయాడు.